హింసలోకి వెళ్లనివాళ్లనూ అడగాలి: తీవ్రవాదాన్ని అధ్యయనం చేయడానికి వచ్చిన ఒక సైకాలజీ పరిశోధకురాలి కేసు

హింసాత్మక తీవ్రవాదం మీద పీహెచ్‌డీ చేస్తామని వచ్చే సైకాలజీ విద్యార్థులను గైడ్‌గా నేను ముందు అడిగేవి మూడే. ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు? ఎవరిని అడుగుతావు? అడిగినందుకు ఎవరికి ఏమవుతుంది? ఈ మూడింటికీ జవాబులు వెతుక్కునే క్రమంలో అసలు పరిశోధన ప్రశ్నే మారిపోయిన కేసు ఇది. ఎక్కడ ఏం ఆలోచించి ఏ నిర్ణయం తీసుకున్నామో రాసిపెడితే ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లకూ, వాళ్లకు గైడ్‌గా ఉండేవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

పరిశోధకురాలి అనుమతితోనే ఇది రాశాను. రాసింది ఆమె చదివింది. ఆమె పేరు, దేశం, సంస్థ, ఆమె అధ్యయనం చేసిన ఉద్యమం ఏవీ ఇందులో ఉండవు. ఆమెతో మాట్లాడినవాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి అనుభవాలను కలిపి ఒకరివిగా చెప్పాను.

నేపథ్యం

ఆమె సోషల్ సైకాలజీలో మంచి ల్యాబ్ శిక్షణతో వచ్చింది. అంతకుముందు చేసిన పని వెలివేత మీద. అంటే, మనిషిని గుంపు పక్కన పెడితే అతని మనసులో ఏం జరుగుతుందన్నది. దీనికి ఎక్కువగా వాడే ప్రయోగం సైబర్‌బాల్. కిప్లింగ్ విలియమ్స్ బృందం 2000లో ప్రచురించిన కంప్యూటర్ ఆట ఇది. తెర మీద కొందరు బంతి విసురుకుంటూ ఉంటారు. మిగతా ఆటగాళ్లు నిజమైన మనుషులేనని ప్రయోగంలో పాల్గొనే వ్యక్తి అనుకుంటాడు, కానీ ఆడించేది ప్రోగ్రామే. కాసేపటికి అతనికి బంతి రావడం ఆగిపోతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు నాలుగు నిమిషాలు పట్టించుకోకపోయినా మనిషికి బాధ కలుగుతుంది, తనకు విలువ లేదనిపిస్తుంది. ఈ ఫలితం మళ్లీ మళ్లీ వచ్చింది.

ఈ పని చేస్తున్న రోజుల్లోనే ఆమె ఒక హెల్ప్‌లైన్‌లో వలంటీరుగా ఉండేది. హింసాత్మక గ్రూపులో చేరి అరెస్టయిన ఒక యువకుడి తల్లి అక్కడికి తరచూ ఫోన్ చేసేది. ఆ తల్లి అడిగేది ఒక్కటే: తన కొడుకు ఇలా అవుతాడని ముందే ఎందుకు తెలుసుకోలేకపోయాను? తీవ్రవాదం మీద పరిశోధన చేయాలన్న పట్టుదల పరిశోధకురాలిలో అక్కడ మొదలైంది.

సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) కంటే ముందు ఆమెను ఒక పని చేయమన్నాను. ఈ విషయం ఎందుకు ఎంచుకున్నావో, ఏ జవాబు వస్తే నీకు ఊరటగా ఉంటుందో, ఏ జవాబు వస్తే కష్టంగా ఉంటుందో రెండు పేజీల్లో రాయమన్నాను. సొంత కారణంతో వచ్చినవాళ్లను తప్పించడానికి పెట్టిన పరీక్ష కాదది. గుంపుల మధ్య పక్షపాతాన్ని అధ్యయనం చేసిన హెన్రీ తాజ్‌ఫెల్ 1919లో పోలండ్‌లో పుట్టిన యూదుడు. 1940లో ఫ్రెంచ్ సైనికుడిగా జర్మన్లకు పట్టుబడి యుద్ధఖైదీగా బతికి బయటపడ్డాడు. తిరిగొచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. చిన్న కారణంతో రెండు జట్లుగా విడదీసినా చాలు, మనుషులు తమ జట్టుకే ఎక్కువ పంచుకుంటారని 1970ల్లో చూపించింది ఆయనే. సొంత గాయం మంచి ప్రశ్నకు దారి తీయగలదు. అయితే ఆ ప్రశ్న ఏ జవాబు వైపు మొగ్గుతోందో పరిశోధకుడికి ముందే తెలిసి ఉండాలి. ఆమె తన కాగితంలో నిజాయితీగా రాసింది: "ముందే గుర్తించే లక్షణాలు ఉన్నాయని తేలితే నాకు ఊరట. ఏమీ లేవంటే ఆ తల్లికి ఏం చెప్పాలి?"

ఈ కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నాం. తర్వాతి నిర్ణయాల్లో చాలాసార్లు దాన్ని తీసి చూడాల్సి వచ్చింది.

ఎదురైన సమస్య

మొదటి సినాప్సిస్ ఆ ఊరట కోసమే రాసినట్టుంది. హింసాత్మక నేరాల్లో శిక్షపడ్డవాళ్లకు వ్యక్తిత్వ ప్రశ్నావళులు ఇవ్వడం, వచ్చిన స్కోర్ల నుంచి ముందస్తుగా గుర్తించే ఒక పరికరం తయారుచేయడం. చూడ్డానికి చక్కగా, ఉపయోగకరంగా ఉంది. దీన్ని ఒప్పుకోకపోవడానికి నాకు రెండు కారణాలున్నాయి.

మొదటిది లెక్కకు సంబంధించింది. పది లక్షల మంది ఉన్న చోట నిజంగా హింసకు దిగేవాళ్లు వంద మంది అనుకుందాం. మన పరీక్ష 99 శాతం కచ్చితమైనదనీ అనుకుందాం, ఏ మానసిక పరీక్షా అంత కచ్చితంగా ఉండదు. ఆ వంద మందిలో 99 మందిని అది పట్టుకుంటుంది. మిగిలిన 9,99,900 మందిలో ఒక శాతాన్ని, అంటే దాదాపు 10 వేల మందిని, తప్పుగా అనుమానితులుగా చూపిస్తుంది. అనుమానితుల జాబితాలో వంద మందిని తీస్తే అందులో అసలువాడు ఒక్కడు ఉంటాడు. మిగతా 99 మంది మీద పడే నిఘా, అవమానం సంగతేంటి? అరుదైన ప్రవర్తనను ముందే చెప్పాలనుకునే ఏ పరికరానికైనా ఈ చిక్కు తప్పదు. ఒక మనిషి హింసకు దిగే ముప్పును అంచనా వేసే హెచ్‌సీఆర్-20, వెరా లాంటి నిర్మాణాత్మక పద్ధతులను కూడా జనం మధ్యలోకి వదిలి జల్లెడ పట్టడానికి తయారుచేయలేదు. ఇప్పటికే ఏదో కారణంతో దృష్టిలోకి వచ్చిన మనిషి గురించి శిక్షణ ఉన్న నిపుణుడు ఆలోచించడానికే అవి.

రెండోది ఈ రంగం చరిత్ర. 1970ల్లో చాలామంది తీవ్రవాదిలో మానసిక రుగ్మత కోసం, ప్రత్యేక వ్యక్తిత్వం కోసం వెతికారు. రాజనీతి పరిశోధకురాలు మార్థా క్రెన్షా 1981లోనే ఆ రాతలన్నీ పరిశీలించి, వీళ్లలో కొట్టొచ్చినట్టు కనిపించే ఉమ్మడి లక్షణం మామూలుతనమేనని తేల్చింది. 2004లో మానసిక వైద్యుడు మార్క్ సేజ్‌మన్ అంతర్జాతీయ జిహాదీ ఉద్యమంలోని 172 మంది జీవిత వివరాలు సేకరించి చూస్తే, మూడింట రెండొంతుల మందికి ఉద్యమంలో చేరేముందే అందులోని వాళ్లతో స్నేహం ఉందని తేలింది. ఒంటరిగా దాడులు చేసేవాళ్లలో మానసిక అనారోగ్యం పాలు గ్రూపుల్లో ఉన్నవాళ్లకంటే ఎక్కువని తర్వాతి పరిశోధనలు చూపించిన మాట నిజమే. అయినా ఒకే వ్యక్తిత్వం అనే తాళంచెవి మాత్రం ఎవరికీ దొరకలేదు.

తోటి అధ్యాపకులు కొందరు ఈ విషయమే వదిలేయించమని సలహా ఇచ్చారు. రిస్క్ ఎక్కువ, ఎథిక్స్ కమిటీలో ఆగిపోతుంది, అమ్మాయి కెరీర్ పాడవుతుందన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. అయినా విషయాన్ని ఉంచి ప్రశ్నను మార్చడమే మంచిదనుకున్నాను. ఇలాంటి విద్యార్థిని వద్దంటే ఆగదు. ఎవరి సాయమూ లేకుండా రాత్రిళ్లు ఒంటరిగా వీడియోలు చూస్తూ అదే పని చేస్తుంది. దారి చూపించి పక్కన నిలబడటమే తక్కువ ప్రమాదం.

మొదటి ప్రయత్నం: ల్యాబ్‌లో చేయగలిగింది

ఆమెకు బాగా వచ్చిన పద్ధతితోనే మొదలుపెట్టాం. సైబర్‌బాల్‌లో పక్కన పెట్టిన విద్యార్థులు, ఆ తర్వాత తీవ్రమైన రాజకీయ చర్యలకు ఎంత సుముఖత చూపిస్తారన్నది ప్రశ్న. కొలవడానికి సోఫియా మొస్కలెంకో, క్లార్క్ మెక్‌కాలీ 2009లో ప్రచురించిన స్కేల్ తీసుకున్నాం. చట్టబద్ధమైన ఉద్యమ చర్యలకు సుముఖతను, చట్టవిరుద్ధమైన లేదా హింసాత్మక చర్యలకు సుముఖతను అది విడివిడిగా కొలుస్తుంది. ఈ విభజన నాకు ముఖ్యం. ధర్నాలో కూర్చునేవాడినీ బాంబు పెట్టేవాడినీ ఒకే గీత మీద కొలిచే స్కేళ్లు శాస్త్రానికీ చేటే, ప్రజాస్వామ్యానికీ చేటే.

ఫలితం వచ్చింది. వెలివేతకు గురైనవాళ్ల స్కోర్లు కొద్దిగా పెరిగాయి. ఆమెకు సంతోషం. సైకాలజిస్టు ఆరీ క్రుగ్లాన్‌స్కీ చెప్పే 'ప్రాధాన్యత కోసం తపన' అన్న సిద్ధాంతానికి ఇది సరిపోతుంది: తనకు విలువ లేదనిపించిన మనిషి ఆ విలువను తెచ్చిపెట్టే కథనం కోసం, ఆ కథనాన్ని నిజం చేసే మనుషుల కోసం వెతుకుతాడు.

ఆ ఫలితాల మీద జరిగిన సెమినార్‌లోనే దారి మూసుకుపోయింది. ఒక జూనియర్ విద్యార్థి అడిగాడు: "వీళ్లలో ఒక్కరైనా ఎప్పుడైనా ఏమైనా చేస్తారా?" ప్రశ్నావళిలో గుర్తు పెట్టడానికి అర నిమిషం. ల్యాబ్‌లో కలిగిన బాధ గంటలోపే తగ్గిపోతుంది. మెక్‌కాలీ, మొస్కలెంకోలే తర్వాత అభిప్రాయాన్ని ఒక పిరమిడ్‌గా, చర్యను మరో పిరమిడ్‌గా విడదీసి చూపించారు. తీవ్రమైన అభిప్రాయం ఉన్నవాళ్లలో అత్యధికులు జీవితంలో ఎప్పుడూ హింసకు దిగరు. హింసకు దిగేవాళ్లలో కొందరికి మొదట్లో అంత బలమైన అభిప్రాయమే ఉండదు, స్నేహితుడి కోసమో థ్రిల్ కోసమో పగ కోసమో వచ్చుంటారు. అభిప్రాయాన్ని కొలిచి చర్యను వివరించామనుకుంటే ఈ రెండు పిరమిడ్లనూ కలిపేసినట్టే.

ల్యాబ్ ఫలితాన్ని దాని హద్దులతో సహా ఒక చిన్న పేపర్‌గా రాసి పంపించమని, థీసిస్‌కు అది పునాది కాకూడదని నిర్ణయించాం. ఈ ప్రయత్నం వృథా కాలేదు. తను వెతుకుతున్నది అభిప్రాయానికీ చర్యకూ మధ్య ఉన్న ఖాళీలో ఉందని ఆమెకు స్పష్టమైంది.

రెండో ప్రయత్నం: ఆన్‌లైన్ ప్రచారం

చర్యకు దగ్గరగా ఉన్న డేటా కావాలి. ఆ సమయానికి మనుషుల దగ్గరికి వెళ్లే దారి లేదు. కాబట్టి ఉద్యమం విడుదల చేసిన వీడియోలు, కరపత్రాలు, సభ్యుల పోస్టులు సేకరించి వాటిలో వెలివేత, అవమానం, ప్రతీకారం ఎలా చెప్పబడ్డాయో కోడింగ్ చేద్దామని, అంటే ముందే రాసుకున్న నిర్వచనాల ప్రకారం వర్గాలుగా గుర్తిద్దామని, ఆమె ప్రతిపాదించింది.

మొదట చట్టం చూశాం. 2008లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఒక ఎంఏ విద్యార్థిని, అతని స్నేహితుడైన ఉద్యోగిని పోలీసులు అరెస్టు చేశారు. పరిశోధన కోసం డౌన్‌లోడ్ చేసుకున్న ఒక పత్రం కారణం. ఆ విద్యార్థిని దాదాపు వారం నిర్బంధించి, ఏ తీవ్రవాద ఆరోపణా లేకుండా వదిలేశారు. సదుద్దేశం మనకు తెలిస్తే సరిపోదు, అది ముందే కాగితం మీద ఉండాలి. అందుకని ఎథిక్స్ కమిటీ అనుమతితోపాటు సంస్థ న్యాయవిభాగానికి లిఖితపూర్వకంగా తెలియజేశాం. ఇంటర్నెట్‌లో మిగతా పనులేవీ చేయని ప్రత్యేక కంప్యూటర్, ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్, ఏ రోజు ఏం తెరిచిందో రాసే లాగ్‌బుక్ ఏర్పాటు చేశాం. సొంత ఫోన్‌లో, సొంత ఖాతాతో ఏదీ చూడకూడదని నియమం.

చట్టం వైపు అంతా సవ్యంగానే సాగింది. దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది.

కోడింగ్ ఇద్దరు చేస్తున్నారు: ఆమె, మరో సహాయకుడు. ఇద్దరూ విడివిడిగా ఒకే వీడియోకు ఇచ్చిన కోడ్‌లు ఎంత కలుస్తున్నాయో కప్పా విలువతో చూస్తాం. మొదట్లో బాగా కలిసేవి. కొన్ని వారాలు గడిచేసరికి విలువ పడిపోవడం మొదలైంది. ఇలా జరిగితే మామూలుగా నిర్వచనాలు సరిగా లేవనుకుని కోడ్‌బుక్ సవరిస్తాం. నేను కాస్త ఆగి, తేడా ఎటువైపు వస్తోందో చూడమన్నాను. చూస్తే తేడా అంతా ఒకే దిశలో ఉంది. సహాయకుడు 'అతి తీవ్రం' అని పెట్టినవాటిని ఆమె 'మధ్యస్థం' అని పెడుతోంది. మొదటి వారంలో తనే 'అతి తీవ్రం' అన్న వీడియోను తెలియకుండా మళ్లీ ఆమెకే ఇచ్చి కోడ్ చేయిస్తే 'మధ్యస్థం' అనే వచ్చింది. సహాయకుడు వారానికి కొద్ది గంటలే చేస్తున్నాడు. ఆమె రోజంతా, తర్వాత రాత్రి కూడా చేస్తోంది.

అప్పుడు నిద్ర గురించి అడిగాను. సరిగా పట్టడం లేదంది. బస్సులో ఎవరైనా గట్టిగా అరిస్తే ఒళ్లు బిగుసుకుంటోందంది. "కానీ వీడియోలు చూస్తుంటే మాత్రం నాకేమీ అనిపించడం లేదు మేడమ్, నేను బాగానే ఉన్నాను" అంది. ఏమీ అనిపించకపోవడమే నాకు ఆందోళన కలిగించింది.

మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే గ్రంథం డీఎస్ఎం-5 2013లో వచ్చింది. అది తెర మీద చూసిన హింసను పీటీఎస్‌డీకి (భయానక అనుభవం తర్వాత వచ్చే ఒత్తిడి రుగ్మతకు) కారణంగా మామూలుగా లెక్కలోకి తీసుకోదు, ఉద్యోగంలో భాగంగా చూడాల్సి వస్తే తప్ప. ఆ మినహాయింపు సరిగ్గా ఇలాంటివాళ్లకు వర్తిస్తుంది. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత ఆలిసన్ హోల్మన్ బృందం చేసిన సర్వేలో, ఆ వారమంతా రోజుకు ఆరు గంటలు లేదా ఎక్కువ సేపు ఆ వార్తలు చూసినవాళ్లు, పేలుడు చోట ఉన్నవాళ్లకంటే ఎక్కువ తీవ్ర ఒత్తిడి లక్షణాలు చెప్పారు. ఆన్‌లైన్ తీవ్రవాదాన్ని పరిశోధించే 39 మందితో మాట్లాడి 2023లో వెలువరించిన నివేదికలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఏదో ఒక హాని ఎదురైందని చెప్పారు.

ముందు రెండు దారులు కనిపించాయి. ఒకటి, జాగ్రత్తలు పెంచి కొనసాగడం: ధ్వని ఆపేసి చూడటం, రంగు తీసేసి నలుపు తెలుపులో చూడటం, తెర మీద వీడియోను చిన్నది చేసి చూడటం, రాత్రి పూర్తిగా మానేయడం, వారంలో కొన్ని గంటలకు మించకపోవడం. ఇవి పనిచేసే పద్ధతులే, ఈ రంగంలో చాలామంది వాడుతున్నారు. రెండోది ఆపేయడం. నేను ఆపేయమన్నాను. ఆరోగ్యం ఒక కారణం, కానీ కొలత కూడా అంతే కారణం. చూసేవాళ్ల మనసు మొద్దుబారితే కొలబద్దే వంగిపోతుంది. వంగిన కొలబద్దతో తీసిన మిగతా డేటా అంతా అనుమానాస్పదమే. అంతకంటే ముఖ్యంగా, ఈ డేటా మన ప్రశ్నకు జవాబివ్వదు. ప్రచారం చూస్తే ఉద్యమం ఏం చెప్పుకుంటుందో తెలుస్తుంది. దాన్ని చూసిన వేలమందిలో ఒకడు ఎలా లేచి వెళ్లాడో, మిగతావాళ్లు ఎందుకు ఛానెల్ మార్చేసి పడుకున్నారో తెలియదు.

ఆమె దీన్ని ఓటమిగా తీసుకుంది. కొన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. సంస్థకు సంబంధం లేని, ట్రామా కేసుల్లో అనుభవమున్న ఒక థెరపిస్టును కలవమని పంపించాను. అక్కడ చెప్పింది ఏదీ నాకు చేరదన్న షరతు పెట్టాను. గైడ్ చేతిలో విద్యార్థి డిగ్రీ ఉంటుంది. అలాంటి మనిషి దగ్గర ఎవరూ "నాకు బాగోలేదు" అని పూర్తిగా చెప్పరు.

దారి దొరికింది

తేరుకున్నాక తనే కొత్త ప్రశ్నతో వచ్చింది. ఒకే వీధిలో, ఒకే కష్టంతో, అవే మాటలు విని పెరిగినవాళ్లలో కొందరు వెళ్లారు, కొందరు వెళ్లలేదు. ఎవరెవరికి ఏ ఏ రోజున ఏం జరిగింది?

తీవ్రవాదాన్ని అధ్యయనం చేసే సైకాలజిస్టు జాన్ హోర్గన్ చాలాకాలంగా చెబుతున్నది ఇదే: వ్యక్తి ప్రొఫైల్ వెతకడం మాని అతను నడిచిన దారిని చూడాలి, ఎందుకని అడగడం కంటే ఎలా అని అడగడం మేలు. మనుషులు తమ ప్రవర్తనకు చెప్పే కారణాలు సైకాలజీలో ఎప్పుడూ అనుమానించాల్సినవే. తీవ్రవాదం విషయంలో అది ఇంకా ఎక్కువ. ఉద్యమంలో ఉన్నప్పుడు ఉద్యమం నేర్పిన కారణాలు చెబుతారు. బయటికొచ్చాక పునరావాస కార్యక్రమం నేర్పిన కారణాలు చెబుతారు. 'ఎందుకు చేరారు' అంటే ఉపన్యాసం వస్తుంది. 'మొదటిసారి ఆ గదికి వెళ్లిన రోజు మీతో ఎవరున్నారు, ఎలా వెళ్లారు, తర్వాత ఎక్కడికి వెళ్లారు' అంటే జ్ఞాపకం వస్తుంది.

మనుషుల దగ్గరికి చేరడానికి, ఉద్యమాల నుంచి బయటికొచ్చేవాళ్లకు సాయపడే ఒక స్వచ్ఛంద సంస్థను ఆశ్రయించాం. ఈ తరహా పని 1997లో నార్వేలో, 1998లో స్వీడన్‌లో ఎగ్జిట్ పేరుతో మొదలైంది. 2000లో జర్మనీలో మాజీ పోలీసు అధికారి బెర్న్ట్ వాగ్నర్, ఒకప్పటి నియో-నాజీ నాయకుడు ఇంగో హాసెల్‌బాఖ్ కలిసి ఎగ్జిట్-జర్మనీ స్థాపించారు. జైల్లో ఇంటర్వ్యూలు చేసే అవకాశం కూడా వచ్చింది, వద్దనుకున్నాం. ఖైదీ చెప్పే ప్రతి మాట మీదా విడుదల నీడ ఉంటుంది. శ్రీలంకలో 2009 తర్వాత 11 వేలకు పైగా మాజీ ఎల్టీటీఈ సభ్యులు పునరావాస కేంద్రాల గుండా వెళ్లారు. వాళ్ల మీద క్రుగ్లాన్‌స్కీ, డేవిడ్ వెబర్ తదితరులు చేసిన పని ఈ రంగంలో చాలా విలువైనది. నిర్బంధంలో ఉన్నవాళ్ల జవాబులను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న దానికీ ఎదురైంది. పోలిక కోసం వాళ్లు విడుదలైనవాళ్లనూ, ఉద్యమంలో లేని సామాన్యులనూ కూడా చూశారు. పోలిక లేకుండా ఈ రంగంలో ఏదీ నిలబడదని ఆమెకు అది చదివాకే గట్టిగా పట్టింది.

స్వచ్ఛంద సంస్థలో చాలాకాలం ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయలేదు. వారం వారం వెళ్లి వాళ్లకు అవసరమైన మామూలు పని చేసిపెట్టింది: ఉద్యోగ దరఖాస్తులు నింపడం, మీటింగుల నోట్సు రాయడం. తను ఎవరో, ఎందుకు వస్తోందో మొదటి రోజే అందరికీ చెప్పింది. పరిశోధకురాలని దాచి నమ్మకం సంపాదించడం సులువే, కానీ అది తెలిసిన రోజున ఆమె ఒక్కతే కాదు, ఆ సంస్థే కూలుతుంది.

హామీ ఎంతవరకు ఇవ్వాలన్నది మేం ఎక్కువగా చర్చించిన విషయం. బోస్టన్ కాలేజ్ 2001 నుంచి 2006 వరకు ఉత్తర ఐర్లండ్ మాజీ సాయుధుల మాటలు రికార్డు చేయించింది, వాళ్లు బతికుండగా బయటపెట్టబోమన్న హామీతో. 2011లో బ్రిటిష్ అధికారుల కోరికపై అమెరికాలో సమన్లు జారీ అయ్యాయి. న్యాయపోరాటం తర్వాత 2013లో కొన్ని రికార్డింగులు పోలీసుల చేతికి వెళ్లాయి. పరిశోధకుడి హామీ కోర్టు కంటే పెద్దది కాదు. అందువల్ల ఆమె సమ్మతి పత్రంలో మొదటి వాక్యమే అది: కోర్టు అడిగితే నేను ఇవ్వాల్సి రావచ్చు, కాబట్టి బయటపడని నేరం వివరాలు, జరగబోయే వాటి సంగతులు నాకు చెప్పకండి. అవతలి వ్యక్తి ఆ దిశగా వెళ్తుంటే ఆమే మాట ఆపేది. రికార్డింగును ట్రాన్స్‌క్రిప్ట్ చేసి పేర్లు, చోట్లు, తేదీలు మార్చిన వెంటనే ఆడియో చెరిపేసేది.

వెళ్లనివాళ్లను వెతకడం వెళ్లినవాళ్లను వెతకడం కంటే కష్టమైంది. వాళ్లకు ఫైలు లేదు, కేసు లేదు, సంస్థ లేదు. ఉద్యమం వదిలి వచ్చిన మాజీలనే ఒక ప్రశ్న అడిగాం: "ఆ రోజుల్లో మీతో తిరిగి, చివరికి రాకుండా ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" పేరు ఆమెకు చెప్పొద్దన్నాం. ఒక సమాచార పత్రం ఇచ్చి, వీలైతే ఆ వ్యక్తికి అందించమన్నాం. ఇష్టమైనవాళ్లు తామే ఫోన్ చేస్తారు. ఈ జాగ్రత్త లేకపోతే ఎప్పుడో మాటలు విని ఊరుకున్న మనిషి మన నోట్సులో అనుమానితుడిగా మిగిలిపోతాడు. చాలామంది ఫోన్ చేయలేదు. చేసిన కొద్దిమంది థీసిస్‌ను నిలబెట్టారు.

వాళ్లు చెప్పినవి విన్నాక ఆమె పాత అంచనాలు చాలా కదిలిపోయాయి. వెళ్లనివాళ్లకు కోపం తక్కువేమీ కాదు. అదే అవమానం, అవే మాటలు, కొందరు ఇప్పటికీ వాటిని నమ్ముతున్నారు. తేడా చిన్న చిన్న చోట్ల కనిపించింది. ఒకతనికి ఆ నెలలోనే పని దొరికింది, సాయంత్రాలు ఖాళీ లేకపోయింది. ఒకతన్ని రమ్మని ఎవరూ పిలవలేదు, పిలిస్తే వెళ్లేవాడినేనని తనే చెప్పాడు. ఒకామెకు గ్రూపు నాయకుడు నచ్చలేదు. మరొకరికి ఎదురు ప్రశ్నలు వేసినా సంబంధం తెంచుకోని అన్నయ్య ఉన్నాడు. వెళ్లినవాళ్ల వైపు చూస్తే, వాళ్ల వివరాల్లోనూ సిద్ధాంతం కంటే ముందు స్నేహితుడు కనిపించాడు. ఇంత కొద్దిమందితో అందరికీ వర్తించే సూత్రం చెప్పలేం, ఆమె చెప్పనూ లేదు. వెళ్లినవాళ్లను మాత్రమే అడిగి ఉంటే అవమానమే కారణమని రాసి ముగించేది. ఆ అవమానం ఆగిపోయినవాళ్లలోనూ అంతే ఉందని పక్కన పెట్టి చూసినప్పుడే తెలిసింది.

బయటికి రావడంలోనూ ఇలాంటిదే కనిపించింది. చాలామంది ముందు సహచరుల మీద విసిగి, అలసిపోయి హింసను వదిలారు. నమ్మకాలు తర్వాత మెల్లగా మారాయి, కొందరిలో మారనే లేదు. హింసను వదలడం, భావజాలాన్ని వదలడం రెండు వేర్వేరు సంగతులని హోర్గన్ వంటివాళ్లు పట్టుబట్టేది ఇందుకే.

తీర్పు ఎప్పుడు చదవాలి

ఇంటర్వ్యూల మధ్యలో ఒక కొత్త చిక్కు వచ్చింది. చెప్పినవాటిని సరిచూసుకోవడానికి కోర్టు తీర్పులు చదవాలి. ఇంటర్వ్యూకి ముందే చదివితే ఎదుటి మనిషిని నేరంగానే చూస్తుంది, ప్రశ్నలు విచారణలా మారతాయి. అసలు చదవకపోతే అతను చెప్పుకున్న కథే నిజమైపోతుంది. మొదటి ఇంటర్వ్యూ ముందు చదవకూడదు, రెండో ఇంటర్వ్యూ ముందు తప్పనిసరిగా చదవాలి అని నిర్ణయించాం.

ఒకతనితో ఆమెకు చాలా సఖ్యత కుదిరింది. మర్యాదస్తుడు, ఎదుటివాళ్లు చెప్పేది శ్రద్ధగా వింటాడు. తర్వాత తీర్పు చదివింది. అందులో చనిపోయినవాళ్ల వయసులు ఉన్నాయి. ఆ రోజు నా గదికి వచ్చి చాలాసేపు కూర్చుంది. "ఆయన మంచివాడనిపించింది, అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది" అంది. రెండూ నోట్సులో రాయమన్నాను: మంచివాడనిపించడం, అసహ్యం. దేన్నీ కొట్టేయొద్దన్నాను. మామూలు మనిషి అంత పని చేయగలడన్నదే మనం వివరించడానికి కూర్చున్న విషయం. అతన్ని రాక్షసుడిగా చూస్తే వివరణ అక్కర్లేదు, బాధితుడిగా మాత్రమే చూస్తే చనిపోయినవాళ్లు కాగితం మీద నుంచి మాయమవుతారు. బాధిత కుటుంబాలతో పనిచేసే ఒకరిని ఆమె సలహా బృందంలో చేర్చుకున్నాం. ప్రతి అధ్యాయం ముసాయిదాను వాళ్ల కళ్లతో చదివే మనిషి ఒకరు ఉండటం వల్ల రాతలో జారుడు మాటలు చాలా తగ్గాయి.

నేర్చుకున్నవి

హెల్ప్‌లైన్‌లోని ఆ తల్లి ప్రశ్నకు థీసిస్ నేరుగా జవాబివ్వలేదు. అయితే ఒకటి చెప్పగలిగింది: పెంపకం చూసో స్వభావం చూసో ముందే పసిగట్టే గుర్తు ఏదీ ఇందులో దొరకలేదు. మనిషి చుట్టూ ఎవరు చేరుతున్నారు, ఎవరు దూరమవుతున్నారు అన్నదే ఎక్కువ చెప్పింది. ఒంటరిగా దాడులు చేసిన 119 మంది మీద పాల్ గిల్, హోర్గన్ తదితరులు 2014లో ప్రచురించిన పనిలో సగానికి పైగా సందర్భాల్లో కుటుంబానికో స్నేహితులకో ఆ ఉద్దేశం ముందే తెలుసని తేలింది. కాబట్టి తెలిసినవాళ్లు భయపడకుండా వెళ్లి చెప్పుకోగల చోటు ఉందా అన్నది ముందే గుర్తించే పరికరాల తయారీ కంటే విలువైన ప్రశ్న అని ఇప్పుడు నేను నమ్ముతున్నాను. ఆమె కూడా పీహెచ్‌డీ తర్వాత ఆ వైపే వెళ్లింది. అలాంటి కుటుంబాలు ముందుగా ఎవరికి చెబుతాయి, చెప్పకుండా ఎక్కడ ఆగిపోతాయి అన్నది ఆమె ప్రస్తుత పని.

గైడ్‌ల కోసం ఒక మాట. కోడర్ల మధ్య పొంతన పడిపోతే నిర్వచనాలతోపాటు నిద్ర గురించి కూడా అడగండి. తేడా ఏ దిశలో ఉందో చూడండి. థెరపీ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే రాయండి. తర్వాత అడిగితే అది విద్యార్థి బలహీనతలా కనిపిస్తుంది, ముందే రాస్తే పరికరాల ఖర్చులా ఉంటుంది.

ఈ కేసు తర్వాత మా దగ్గర కొత్తగా చేరేవాళ్ల క్రమం మారింది. మొదటి సంవత్సరం ముగిసిపోయిన కేసుల కోర్టు తీర్పులు మాత్రమే చదువుతారు, వీడియోలు ఉండవు. జీవిత చరిత్ర ఇంటర్వ్యూ నేర్చుకోవడానికి హింసతో సంబంధం లేని, కానీ కట్టుబాట్లు బలంగా ఉన్న ఒక గుంపును వదిలి వచ్చినవాళ్లతో మాట్లాడతారు. చేరడం, ఉండటం, వదలడం, వదిలాక ఒంటరితనం అక్కడ కూడా వినిపిస్తాయి, ఎవరి ప్రాణానికీ ముప్పు లేకుండా. ఆ ట్రాన్స్‌క్రిప్టుల్లో 'ఎందుకు' ప్రశ్నలు ఎన్ని వేశారో, ఎదుటివాళ్లు ఉపన్యాసంలోకి జారిన చోట ఏ ప్రశ్న అడిగారో కలిసి కూర్చుని చూస్తాం. హింసాత్మక ఉద్యమాల మాజీలతో మొదటి ఇంటర్వ్యూ ఆ తర్వాతే, అదీ అనుభవమున్న మరొకరు పక్కన ఉండగా.